‘మళ్ళీ రావా’ చూసినవాళ్ళు ఒకసారి ఇటు రండి (రాజోలు వాళ్ళకి తొలి పిలుపు)

లంకగట్టు | శనివారం, రాత్రి 11:05

అందరికీ నమస్కారం. 2017 డిసెంబర్ 8న ‘మళ్ళీ రావా’ అని ఒక సినిమా వచ్చింది. సుమంత్, ఆకాంక్ష సింగ్. గౌతమ్ తిన్ననూరికి అదే మొదటిది. రెండేళ్ళు తిరక్కుండా ఆయనే ‘జెర్సీ’ తీస్తే ఊరూవాడా చెప్పుకున్నారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఈ మొదటి దాని పేరెత్తితే మాత్రం “అలాంటిదొకటి వచ్చిందా?” అంటారు.

చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ. కార్తీక్, అంజలి 1999లో మన కోనసీమ రాజోల్లో బడిపిల్లలు. విడిపోతారు. 2012లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మళ్ళీ కలుస్తారు. వ్యవహారం పెళ్ళి దాకా వచ్చాక అంజలే వెనక్కి తగ్గుతుంది. 2017లో వేరే అతనితో తన పెళ్ళి, పిలవడానికి వస్తుంది. మూడు కాలాలూ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారుతూ ఉంటాయి. చివరి ఇరవై నిమిషాల్లో ఏమవుతుందో దయచేసి ఎవరూ రాయొద్దు, చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు.

మాది రాజోలు పక్క లంక, ఉండేది హైదరాబాదు. నిన్న నాలుగోసారి చూశాను. నా ప్రశ్న ఒక్కటే. దీన్ని అందరూ దెబ్బతిన్న మనసు తేరుకోవడం గురించిన సినిమా అంటారు. నిజంగా ఇందులో తేరుకున్నది ఎవరు?

కాకినాడ కాజా | శనివారం, రాత్రి 11:19

నాలుగోసారా? ఒంట్లో బాగానే ఉందాండీ?

సెకండ్ షో | ఆదివారం, ఉదయం 6:50

నేను మొదటి వారంలోనే చూశానండి, శనివారం రెండో ఆట. హాల్లో లెక్కపెడితే పదకొండు మందిమి. హాలు పేరు ఎందుకులెండి. ఏసీ వేయండి బాబూ అంటే “పదకొండు మందికి ఏసీ ఏంటండీ, ఆ పక్క తలుపు తీస్తాను” అన్నాడు. తీశాడు. దోమలొచ్చాయి. అయినా ఒక్కరు లేచి వెళ్ళలేదు, అది మాత్రం గుర్తుంది.

బాగుందన్న మాట మెల్లగా పాకింది. సుమంత్‌కి చాన్నాళ్ళకి మంచి పేరొచ్చింది. కానీ చిన్న సినిమాకి మాట పాకడానికి వారాలు కావాలి, ఆ డిసెంబర్‌లో వారాలెక్కడివి? 21న ‘ఎంసీఏ’ దిగింది, 22న ‘హలో’ దిగింది. తమాషా ఏమిటంటే ‘హలో’ కూడా చిన్నప్పుడు విడిపోయిన జంట కథే, అందులోనూ అక్కినేని ఇంటి కుర్రాడే. రెండు వారాల తేడాలో ఒకే ఇంటి హీరోలిద్దరు చిన్ననాటి పిల్ల కోసం వెతుక్కున్నారు. గోడ మీద పోస్టర్ ఎవరిది మిగులుతుందో చెప్పాలా?

నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. ఆయన తర్వాత ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’, ‘మసూద’ తీశారు. అంటే కథ చూసి డబ్బు పెట్టే మనిషే.

నిడదవోలు జంక్షన్ | ఆదివారం, ఉదయం 8:15

అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఒకటి, నత్తనడక. మా జంక్షన్‌లో నరసాపురం బండి క్రాసింగ్ కోసం ఆగినట్టు ఆగుతుంది. రెండు, వయసు. 1999లో బడిపిల్లాడంటే 2017కి ముప్పై రెండో ముప్పై మూడో ఉండాలి. సుమంత్‌కి అప్పటికి నలభై రెండు. ఆయన మొదటి సినిమా ‘ప్రేమకథ’ వచ్చిందే 1999లో. అంటే ఈ కథలో పిల్లాడు నిక్కర్లో తిరుగుతున్న ఏడాదే ఆయన హీరో అయిపోయాడు.

మూడోది అసలు సంగతి. మీరు తేరుకోవడం అంటున్నారు. పేరే ‘మళ్ళీ రావా’ అయితే ఇంక తేరుకోవడం ఏంటండీ? పేరులోనే బతిమాలుతున్నాడు.

పూతరేకు | ఆదివారం, ఉదయం 9:02

జంక్షన్ అన్నా, మూడో పాయింట్ అదిరింది, మొదటి రెండూ ఒప్పుకోను.

నాకిప్పుడు ఇరవై రెండు. అమలాపురం కాలేజీలో చదివేటప్పుడు ఫోన్లో చూశాను, హాస్టల్లో ఆరుగురం ఒకే మంచం మీద. మా బ్యాచ్‌కి బ్రేకప్ అంటే ‘అర్జున్ రెడ్డి’. అదీ 2017దే, ఆగస్టులో వచ్చింది. అమ్మాయి దూరమైతే తాగాలి, గడ్డం పెంచాలి, అరవాలి, కనీసం ఒక గ్లాసు పగలగొట్టాలి. మా రూమ్మేట్ ఒకడు నిజంగానే పగలగొట్టాడు, వార్డెన్ డబ్బు కట్టించాడు.

అది చూసి చూసి ఇది చూస్తే కార్తీక్ ఏమీ పగలగొట్టడు. ఆఫీసుకెళ్తాడు. స్నేహితులతో జోకులేస్తాడు. శుభలేఖ చేతికొచ్చినా మామూలుగానే మాట్లాడతాడు. మొదట మాకు బోరు కొట్టింది, నిజం చెబుతున్నా. తర్వాత ఒకడన్నాడు, “మా నాన్న ఇలాగే ఉంటాడ్రా” అని. ఇంక ఎవరూ మాట్లాడలేదు. మూవ్ ఆన్ అయ్యాడో లేదో ఎదుటివాడికి తెలియనివ్వకపోవడం మన ఊళ్ళల్లో మగాళ్ళకి బాగా వచ్చిన విద్య కదా.

నిడదవోలు జంక్షన్ | ఆదివారం, ఉదయం 9:20

తమ్ముడూ, తెలియనివ్వకపోవడం వేరు, నటించకపోవడం వేరు. హీరో మొహంలో ఏమీ కదలకపోతే దాన్ని నిగ్రహం అని మనం సర్దిచెప్పుకోకూడదు.

సెకండ్ షో | ఆదివారం, ఉదయం 9:41

అది సుమంత్‌కి ముందునుంచీ ఉన్న పద్ధతే. 2006లో ‘గోదావరి’లో కూడా ఇష్టపడిన మరదలికి వేరే సంబంధం కుదిరితే ఆ పెళ్ళికే లాంచీ ఎక్కి వెళ్తాడు. అక్కడా అరవడు. పదకొండేళ్ళ తర్వాత అదే మనిషి చేతికి ఇంకో శుభలేఖ. పాపం గోదారి ఆయన్ని వదలదు.

కాకినాడ కాజా | ఆదివారం, ఉదయం 10:10

శుభలేఖల హీరో అనాలి ఇక.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. గోదారి జిల్లా సినిమా అనగానే నాకు భయం. పాపికొండలు, లాంచీ, నాలుగు కొబ్బరిచెట్లు, కుక్కతో సహా అందరి నోటా “ఆయ్”. మేము రోజుకి అన్నిసార్లు ఆయ్ అనమండి బాబూ. ఇందులో రాజోలు అంటే పిల్లలు సైకిళ్ళ మీద తిరిగే మామూలు ఊరు. ఆ మాత్రం చాలు నాకు.

పంటురేవు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నేను సినిమాలు పెద్దగా చూడను. రాజోలు పేరు కనిపించి ఆగాను. మా మనవరాలు ఫోన్లో పెట్టి చూపించింది, సగం చూశాను, కళ్ళు లాగుతాయి.

బయటివాళ్ళకి తెలియనిది ఒకటుంది. రాజోలు గోదారి పాయలు వసిష్ఠకీ వైనతేయకీ మధ్యన ఉంది. ఎటు పోవాలన్నా ఏదో ఒక నీరు దాటాలి. రైలెక్కాలంటే సఖినేటిపల్లి రేవుకొచ్చి పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ మీద, నరసాపురం దాటాలి. ఆ రేవులో నాకు పాతికేళ్ళు బడ్డీకొట్టు. సోడా, అరటిపళ్ళు, కిళ్ళీ. ఎవరు ఎవర్ని సాగనంపుతున్నారో, ఎవరు సాగనంపుతున్నట్టు నటిస్తున్నారో చెంబులో నీళ్ళలా తెలిసిపోయేది. మా వైపు అమెరికా తక్కువ. కువైట్, దుబాయ్, మస్కట్. వీసా వచ్చిందంటే ప్రేమలూ దోమలూ జాన్తానై, అప్పు చేసి ఏజెంటుకి కట్టాక వెళ్ళక తప్పదు. ఆడపిల్లలూ వెళ్ళేవారు, ఇప్పటికీ వెళ్తున్నారు.

ఒక కుర్రాడు. పంటు మీద ఒక పిల్ల వెళ్ళింది, వాళ్ళ అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడుస్తోంది, ఆ పిల్ల ఏడవడం లేదు. వీడు కొట్టు పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అవతల రేవు తగిలేదాకా పంటు కనిపిస్తూనే ఉంటుంది కదా, అంతసేపూ ఉన్నాడు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వచ్చేవాడు. గోళీసోడా కొట్టించుకునేవాడు. గోళీ లోపలికి పడి బుస్సుమన్నాక సీసా పట్టుకుని నిలబడేవాడు, తాగేవాడు కాదు. గ్యాసంతా పోయేది. నిండు సీసా నా చేతికిచ్చి డబ్బులిచ్చి పోయేవాడు. ఏడాది దాకా నడిచింది. తర్వాత రావడం మానేశాడు.

నాలుగైదేళ్ళకి పెళ్ళాం, చంకలో పిల్ల, నరసాపురం బట్టలు కొనడానికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. సోడా కొట్టమన్నాడు. ఒక్క గుక్కలో తాగేసి “చల్లగా లేదు బాబాయ్” అన్నాడు.

పూతరేకు | ఆదివారం, మధ్యాహ్నం 2:48

తాతగారూ, మీరు సినిమా తీయండి, హాస్టల్ హాస్టలంతా వస్తాం.

అడ్మిన్ | ఆదివారం, సాయంత్రం 4:00

ఇద్దరు సభ్యుల పోస్టులు తీసేశాం. కథాకాలం 1999, అప్పటికి రాజోలు తూర్పు గోదావరిలో ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమలో ఉంది. అక్కడితో ఆపండి. జిల్లా పేరు గొడవా, ఎన్నికల లెక్కలూ ఈ చర్చలోకి తేవద్దు.

కొబ్బరాకు | ఆదివారం, రాత్రి 9:37

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. అందరూ కార్తీక్ తేరుకున్నాడా లేదా అంటున్నారు. వద్దన్న మనిషి గురించి ఎవరూ అడగడం లేదు. నేను ఆ వద్దన్న మనిషిని. అంజలి అంత అందగత్తెని కాదు, కథ మాత్రం దగ్గర దగ్గర అదే.

1999లో నేను ఎనిమిదో తరగతి. అంతకు మూడేళ్ళ ముందు, 1996 నవంబర్ 6 తుపాను. కోనసీమవాళ్ళకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. మా నాన్నకి నూట ఇరవై కొబ్బరిచెట్లు ఉండేవి. తెల్లారి చూస్తే నిలబడ్డవి తొమ్మిది. మిగతావి ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళు ఏం తినాలి? నాన్న కొన్నాళ్ళు కూలికెళ్ళాడు. కమతం ఉన్నవాడు కూలికి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. తాగడం మొదలైంది. ఇంట్లో గొడవలు.

అమ్మ రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు వింటూ పడుకునేదాన్ని. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఫర్వాలేదు. అది ఆగిందంటే ఇక మాటలు మొదలవుతాయి. ఇప్పటికీ పక్కింట్లో గిన్నెల చప్పుడు సడన్‌గా ఆగితే నా చెయ్యి ఆగిపోతుంది.

2011లో ఒకతను, మంచివాడు, పెళ్ళి చేసుకుందామన్నాడు. మూడేళ్ళ పరిచయం. కులం అడ్డు కాదు, వాళ్ళ ఇంట్లో ఒప్పుకున్నారు. అమలాపురం బస్టాండులో వద్దన్నాను. ఎందుకు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పెళ్ళయితే ఇతను కూడా ఒక రోజు మా నాన్నలా అవుతాడేమో అని భయం, దాన్ని నోటితో చెప్పడం నాకు అప్పుడు రాలేదు. అతని వైపు అందరూ నన్ను మోసగత్తె అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

సినిమాలో అంజలి వెనక్కి తగ్గుతుంది, కారణం ఆమె అమ్మానాన్నల కాపురంలో ఉంది. దర్శకుడు ఆమెని దోషిగా నిలబెట్టలేదు. ఆ పిల్ల చిన్నప్పుడు ఇంట్లో ఏం చూసిందో 1999 భాగంలో ముందే చూపించేశాడు. మూడు కాలాలు కలగాపులగం అయ్యాయని కొందరు విసుక్కుంటారు చూడండి, నాకు మాత్రం ఆ కలపడంలోనే ఉంది కథంతా. వరసగా చెప్పి ఉంటే ఆమె 2012లో వద్దనేసరికి మనం చిన్నపిల్ల సంగతి మరిచిపోయి ఉండేవాళ్ళం.

నాకు ముప్పై దాటాక సంబంధం చూసి చేశారు. ఆయనతో కలిసి చూశాను ఈ సినిమా, ఇంట్లో. మధ్యలో ఏడుపు ఆగలేదు. ఆయన ఆపేసి ఏంటి అన్నారు. తుపాను నుంచి బస్టాండు దాకా మొత్తం చెప్పాను, పెళ్ళయిన మూడో ఏడాది అది. అంతా విని “ఆ తొమ్మిది చెట్లూ ఇప్పుడున్నాయా?” అని అడిగారు. ఉన్నాయి, అయిదు.

సెకండ్ షో | ఆదివారం, రాత్రి 9:55

అమ్మా, పదకొండు మందిలో కూర్చుని చూసినా ఈ కోణం నాకు తట్టలేదు. మళ్ళీ చూస్తాను.

నిడదవోలు జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:30

నత్తనడక అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ పిల్లల భాగం గురించి మీరన్నది నిజమే. చిన్న అంజలిగా వేసిన ప్రీతి అస్రాని, చిన్న కార్తీక్‌గా వేసిన సాత్విక్ వర్మ, ఇద్దరూ పెద్దవాళ్ళని మించిపోయారు. ఆ అమ్మాయే 2023లో తమిళ ‘అయోత్తి’లో చేసింది, చూసి ఈమేనా అనుకున్నాను. నా ఫిర్యాదు ఏమిటంటే ఆ పిల్లల్ని చూశాక పెద్దవాళ్ళు వచ్చినప్పుడల్లా ఇల్లు ఖాళీ చేసినట్టు ఉంటుంది. అది దర్శకుడి తప్పో గొప్పో తేల్చుకోలేకపోతున్నా.

శ్రవణ్ భరద్వాజ్ సంగీతం గురించి ఎవరూ అనలేదు. వాయించాల్సిన చోట వాయించి, మిగతాచోట్ల ఊరుకున్నాడు. తెలుగులో ఊరుకోవడం అరుదు.

లంకగట్టు | సోమవారం, తెల్లవారుజాము 1:12

అందరికీ థాంక్స్. కొబ్బరాకు గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను.

నాలుగోసారి ఎందుకు చూశానో కాజా గారు అడిగారు. చెప్పేస్తాను. శుక్రవారం మా అమ్మ ఫోన్ చేసి, ఇంటికి శుభలేఖ వచ్చిందంది. నాలుగు మూలలా పసుపు, మీద నా పేరు నేను ఇష్టపడిన అమ్మాయి చేతిరాతే. వచ్చే బుధవారం రాత్రి నరసాపురంలో పెళ్ళి. నాలుగేళ్ళ కిందట తనే వద్దంది. ఎందుకో చెప్పలేదు. నేను గ్లాసులు పగలగొట్టలేదు, ఆఫీసుకెళ్ళాను, జోకులేశాను. తేరుకున్నాననే అనుకున్నాను, ఆ నాలుగు పసుపు బొట్లు అమ్మ వాట్సాప్‌లో ఫొటో పెట్టేదాకా.

వెళ్ళాలా వద్దా?

కాకినాడ కాజా | సోమవారం, ఉదయం 7:05

అయ్యో, వేళాకోళం చేశాను, ఏమీ అనుకోకండి. నా మాట వింటే వెళ్ళొద్దు. చదివింపులు ఫోన్లో పంపేయండి. సినిమా హీరో కాబట్టి సరిపోయింది, మనకెందుకు?

నిడదవోలు జంక్షన్ | సోమవారం, ఉదయం 7:40

వెళ్ళొద్దు. పిలవడం మర్యాద, వెళ్ళకపోవడమూ మర్యాదే.

పూతరేకు | సోమవారం, ఉదయం 8:20

వెళ్ళు అన్నా. లేకపోతే అయిదోసారి చూస్తావు.

కొబ్బరాకు | సోమవారం, మధ్యాహ్నం 1:15

వెళ్ళమనీ చెప్పను, వద్దనీ చెప్పను. వెళ్తే మాత్రం ఎందుకు అని అడగడానికి వెళ్ళకండి. ఆ అమ్మాయి తన చేత్తో మీ పేరు రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో నాకు తెలుసు.

పంటురేవు | సోమవారం, సాయంత్రం 6:00

అబ్బాయ్, రాత్రి పంటు ఉండదు. వెళ్ళేటప్పుడు పంటు మీద వెళ్ళినా తిరిగి వచ్చేది ఎలాగో చూసుకుని బయల్దేరు.

లంకగట్టు | గురువారం, మధ్యాహ్నం 12:20

వెళ్ళొచ్చాను. సాయంత్రం బండి పంటు ఎక్కించి దాటాను. రేవులో బాబాయ్ గారి కొట్టు ఏదో కనుక్కుందామనుకున్నాను, మూసి ఉంది.

మండపంలో మూడో వరసలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన నేను ఎవరి తరఫో అడిగాడు, బడి తరఫు అన్నాను. తను పీటల మీద నుంచి చూసింది, చెయ్యి నోటి దగ్గర పెట్టి భోంచేశావా అన్నట్టు సైగ చేసింది. తలూపాను. అప్పటికి చెయ్యలేదు, తర్వాత చేశాను. ముహూర్తం దాకా ఉండలేదు. పంటు ఆగిపోయింది, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి ఇల్లు చేరేసరికి రెండయింది. అమ్మ మేలుకునే ఉంది, పనసపొట్టు కూర చేశారా అని మాత్రం అడిగింది.

కాకినాడ కాజా | గురువారం, మధ్యాహ్నం 12:31

చేశారా? ఆవ పెట్టారా?

లంకగట్టు | గురువారం, మధ్యాహ్నం 12:33

పెట్టారండి. కాస్త ఘాటెక్కువైంది, కళ్ళంట నీళ్ళొచ్చాయి.

కాకినాడ కాజా | గురువారం, మధ్యాహ్నం 12:34

ఆవకేనా?

లంకగట్టు | గురువారం, మధ్యాహ్నం 12:40

ఆయ్, ఆవకే.